సంచిలో మట్టి.. సెల్లులో మడి

పరిశోధక విద్యార్థి మీ గట్టెక్కితే పొమ్మనకండి. పని తెలుసుకోండి, నిజం చెప్పండి, ఫలితం అడగండి

నాట్లు పడి మూడు వారాలు తిరిగేసరికి సాగర్ ఎడమ కాల్వ కింద పొలాల గట్ల మీద కొత్త మొహాలు కనిపిస్తుంటాయి. వీపున బరువైన సంచి, నెత్తిన టోపీ, మోకాళ్ల దాకా బురద. ఒక చేతిలో సెల్లు, ఇంకో చేతిలో మట్టి తీసే ఇనుప గొట్టం. మడి మధ్యకు పోయి నిలబడతారు. సెల్లు చూస్తారు, ఏదో రాసుకుంటారు, రెండు ఆకులు పట్టి చూస్తారు, పిడికెడు మట్టి సంచిలో వేసుకుని పక్క మడికి పోతారు.

చూసినవాళ్లకు రకరకాల అనుమానాలు వస్తాయి. భూమి సర్వేకు వచ్చారా? రైతు భరోసాలో కోత పెట్టడానికి లెక్కలు తీస్తున్నారా? మందుల కంపెనీ మనుషులా? బ్యాంకు వాళ్లా? ఈ అనుమానంతోనే చాలామంది అడిగిన దానికి సగం జవాబు చెబుతారు. రెండు బస్తాల యూరియా వేసినవాళ్లు ఒకటే అంటారు. ముప్పై బస్తాలు పండినవాళ్లు ఇరవై రెండు అంటారు.

ఆ సగం జవాబు ఎక్కడికి పోతుందో తెలుసా? తిరిగి మీ మడికే వస్తుంది. ఎకరానికి ఎంత ఎరువు వేయాలి, ఎప్పుడు వేయాలి అని మీకు చెప్పే సిఫారసులకు మూలం ఇలాంటి లెక్కలే. లెక్క తప్పితే సిఫారసు తప్పుతుంది. అందుకే ఈ విద్యార్థులు ఎవరు, వాళ్ల రోజు ఎట్లా గడుస్తుంది, మన పొలంలో వాళ్లకేం పని అన్నది ఈ వారం చెప్పుకుందాం.

ఎవరీ పిల్లలు?

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో మొదలైంది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి.రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్‌లోనిది ప్రొఫెసర్ జయశంకర్ పేరు మీద తెలంగాణకు, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు లాం కేంద్రంగా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఏజీ బీఎస్సీ నాలుగేళ్లు. ఆ తర్వాత ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆపైన పీహెచ్‌డీ మూడేళ్లో, అంతకంటే ఎక్కువో పడుతుంది.

బీఎస్సీ ఆఖరి ఏడాది పిల్లలు కొన్నాళ్లు ఊళ్లోనే ఉండి పని నేర్చుకుంటారు. వాళ్లను మీరు గుంపుగా చూసే ఉంటారు. ఇప్పుడు చెప్పుకుంటున్నది వాళ్ల గురించి కాదు. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పిల్లలు ఒంటరిగానో, ఇద్దరుగానో వస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు పట్టుకుని, పుస్తకంగా రాసి, పెద్దల ముందు నిలబడి ఒప్పించుకుంటేనే పట్టా చేతికొస్తుంది.

పేరుతో మనకు పని లేదు. ఏటా మన జిల్లాకు వచ్చేవాళ్లలో ఒక అమ్మాయిని తీసుకుందాం. వరికి నత్రజని ఎప్పుడు చాలడం లేదో ఆకును చూసి, ఉపగ్రహం బొమ్మ చూసి చెప్పగలమా అన్నది ఆ అమ్మాయి పరిశోధన అనుకోండి. కంప్యూటరంటే ఇష్టం, సెల్లులో కొత్త యాప్ వస్తే వదలదు. అయినా వారంలో సగం రోజులు బురదలోనే.

తెల్లవారక ముందే బండి

రాజేంద్రనగర్ హాస్టల్లో ఆ అమ్మాయి నాలుగింటికే లేవాలి. మిర్యాలగూడ సుమారు 150 కిలోమీటర్లు. సికింద్రాబాదు నుంచి గుంటూరు వైపు పోయే రైలైనా పట్టుకోవాలి, లేదంటే బస్సైనా ఎక్కాలి. అక్కడి నుంచి పల్లెవెలుగు, ఆటో, చివరి రెండు కిలోమీటర్లు నడకో, ఎవరిదైనా బండి వెనకో. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిలకు బస్సు ఖర్చు తప్పింది. మగపిల్లలకు అది జేబులోంచే పోతుంది.

ఆ సంచిలో ఏముంటుందని అడిగితే ముచ్చటేస్తుంది. మట్టి తీసే గొట్టం, చిన్న తొలిక, వందకు పైగా ప్లాస్టిక్ కవర్లు, టేపు, ఆకు రంగు అట్ట, సెల్లు, దానికి చార్జింగు పెట్టే బ్యాటరీ డబ్బా, మంచినీళ్లు, ఒక జత బట్టలు, తువ్వాలు. ఇవన్నీ సరే, ఒక పెన్సిలు కూడా! పెన్ను సిరా వానకు కారిపోతుంది, పెన్సిలు రాత చెరగదు. మట్టి కవరుకు చీటీలు రెండు. ఒకటి లోపల, ఒకటి బయట. ఒకటి చిరిగినా ఇంకోటి ఉంటుంది. చీటీ పోయిన మట్టి ఏ మడిదో దేవుడికి కూడా తెలియదు. పారబోయడమే.

సెల్లులో కోబో అనే యాప్ ఉంటుంది. సిగ్నల్ లేకపోయినా రైతు చెప్పిన జవాబులు అందులో నమోదు చేసుకోవచ్చు. రాత్రి సిగ్నల్ అందిన చోట పంపించుకోవచ్చు. అయినా ఈ పిల్లలు నోటుపుస్తకం వదలరు. బురదలో సెల్లు పడితే పుస్తకమే దిక్కు.

పది గంటల లోపే ఆకు పని

పొలంలో మొదటి పని ఆకు చూడటం. ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య అయిపోవాలి. ఎండ నెత్తికెక్కితే రంగు మోసం చేస్తుంది. ఈ పని మీరూ చేసుకోవచ్చు, అందుకే వివరంగా చెబుతున్నాం.

ఆకు రంగు అట్ట అంటే లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా అంకెలు వేసిన ప్లాస్టిక్ పట్టీ. అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ దీన్ని ఆసియా రైతుల్లో వ్యాప్తిలోకి తెచ్చింది. నాటిన రెండు వారాల నుంచి పూత దాకా వారం పది రోజులకోసారి చూడాలి. మడిలో అక్కడక్కడా తెగులు లేని పది దుబ్బులు ఎంచుకోండి. ప్రతి దుబ్బులో పైనుంచి పూర్తిగా విచ్చుకున్న ఆకును తెంపకుండా, దాని మధ్య భాగాన్ని అట్ట మీద పెట్టండి. మీ ఒంటి నీడ దాని మీద పడేలా నిలబడి రంగు పోల్చండి. పదింటిలో ఆరు, అంతకంటే ఎక్కువ ఆకులు ఆ రకానికి చెప్పిన అంకె కంటే లేతగా ఉంటే నత్రజని వేయాల్సిన సమయం వచ్చినట్టు. ముదురుగా ఉంటే ఆ వారం యూరియా బస్తా విప్పనక్కర్లేదు. ప్రతిసారీ ఒకే మనిషి, ఒకే వేళకు చూడటం మంచిది. మీ రకానికి ఏ అంకె వర్తిస్తుందో కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

ఆ అమ్మాయి దగ్గర అట్టతో పాటు ఆకును బట్టల క్లిప్పులాగా పట్టుకుని అంకె చూపించే పచ్చదనం మీటరు కూడా ఉండొచ్చు. అది ఖరీదైనది. విభాగంలో ఒకటో రెండో ఉంటాయి, వంతులవారీగా తెచ్చుకోవాలి. అట్ట అంకె, మీటరు అంకె, ఉపగ్రహం అంకె, చివరికి ప్రయోగశాలలో తేలిన అసలు నత్రజని.. ఈ నాలుగూ ఒకదానికొకటి సరిపోతున్నాయా అన్నదే ఆమె లెక్క.

ఇంత శ్రమ ఎందుకంటారా? నత్రజని ఎక్కువైతే మీకు తెలియని కష్టమేం కాదు. పైరు నల్లగా ఎదుగుతుంది, చూడ ముచ్చటగా ఉంటుంది. ఆ తర్వాత సుడిదోమ దిగుతుంది. సాంబ మసూరి లాంటి రకాలకు అగ్గి తెగులు తగులుతుంది. ఈనిక వేళకు గాలివాన వస్తే పడిపోతుంది. యూరియాకు పెట్టిన డబ్బుకు తోడు మందులకు ఇంకో ఖర్చు.

ఉపగ్రహం చూపు గుంటెడు!

ఇప్పుడు సెల్లు సంగతి. సెంటినెల్-2 అనే ఐరోపా ఉపగ్రహాలు 2015 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి. జంటగా తిరిగే ఈ ఉపగ్రహాలు ఐదు రోజులకోసారి మన మీదుగా పోతాయి. ఆ బొమ్మలు ఎవరికైనా ఉచితం. అందులో పంటను చూపించే అతి చిన్న చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట 101 చదరపు మీటర్లు. తేడా లేదనుకోండి. మీ ఎకరం మడి ఉపగ్రహానికి 40 చుక్కలు, మీకు 40 గుంటలు!

ఆరోగ్యంగా ఉన్న పైరు ఎర్ర కాంతిని మింగేస్తుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను లెక్కకట్టి పచ్చదనం సూచిక తీస్తారు. ఇంగ్లీషులో దాన్ని పొడి అక్షరాల్లో ఎన్డీవీఐ అంటారు. అది ఎక్కువుంటే పైరు దట్టంగా, పచ్చగా ఉన్నట్టు. తక్కువుంటే పలచగానో, పాలిపోయినట్టో.

మరి అన్నీ ఉపగ్రహమే చెబితే ఈ అమ్మాయి బురదలో దిగడం ఎందుకు? కారణాలు మూడున్నాయి. ఒకటి, వానాకాలంలో మబ్బు. మబ్బు పట్టిన రోజు ఆ ఫొటోలో తెల్లటి దూదే కనిపిస్తుంది. మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహం వేరే ఉంది. నీళ్లు నిలిచిన మడి అందులో నల్లగా కనిపిస్తుంది, పైరు పెరిగే కొద్దీ తెల్లబడుతుంది. నాట్లు ఎప్పుడు పడ్డాయో దాంతో చెప్పొచ్చు కానీ ఆకు రంగు చెప్పలేం. రెండు, పైరు పాలిపోయిందని ఉపగ్రహం చెబుతుంది. యూరియా చాలకనా, జింకు లోపమా, నీరెక్కువై వేరు కుళ్లిందా అన్నది చెప్పదు. అది మనిషి దిగి చూడాల్సిందే. మూడు, మడిలోని అసలు లెక్కతో పోల్చి చూడనిదే ఉపగ్రహం అంకెకు విలువ లేదు.

ఆమె మడి మధ్యకే ఎందుకు పోతుందో కూడా చెప్పుకోవాలి. సెల్లులోని జీపీఎస్ ఆరుబయట కూడా మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద ఇంకా ఎక్కువ. గట్టు మీద నిలబడి గుర్తు పెడితే అది పక్కవాళ్ల మడిలో పడొచ్చు. అప్పుడు మీ యూరియా లెక్క వాళ్ల పైరుకు అంటుకుంటుంది! అందుకే గట్టు మీంచే చూసుకుని పొమ్మనకండి. మడిలో దిగి సాళ్ల మధ్య నడవనివ్వండి. ఈ గుర్తుతో మీ హద్దులు మారవు, పాసుబుక్కులో అక్షరం కూడా మారదు.

కొంతమంది పిల్లలు డ్రోన్లు కూడా తెస్తారు. 2021లో కేంద్రం డ్రోన్ల నిబంధనలు తెచ్చింది. ఎర్ర మండలంగా ప్రకటించిన చోట కేంద్రం అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. మీ పొలం మీద ఎగరేస్తుంటే అనుమతి సంగతి, ఏం ఫొటో తీస్తున్నారన్న సంగతి అడిగే హక్కు మీకుంది.

బస్తా అంటే ఎంత?

మధ్యాహ్నం రైతులతో మాట్లాడటం. ఇక్కడే లెక్కలు తారుమారవుతుంటాయి. "రెండు బస్తాల యూరియా చల్లిన" అంటారు మీరు. 2018 దాకా యూరియా బస్తా 50 కిలోలు. ఆ ఏడాది నుంచి 45 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే పాత బస్తాలో 23 కిలోల నత్రజని, కొత్త బస్తాలో 20 కిలోల 700 గ్రాములు. రెండు బస్తాలకు నాలుగున్నర కిలోల పైగా తేడా! అలాగే డీఏపీ వేసిన సంగతి చెబుతారు కానీ అందులో నత్రజని ఉందని మర్చిపోతారు. 50 కిలోల డీఏపీలో 9 కిలోల నత్రజని ఉంటుంది. అది కూడా లెక్కలోకి రావాలి.

దిగుబడి దగ్గరా అంతే. ఒక ఊళ్లో ధాన్యం బస్తా 70 కిలోలు, ఇంకో ఊళ్లో 75. కొనుగోలు కేంద్రంలో 40 కిలోలు. "ఎకరాకు ముప్పై" అంటే ఏ ముప్పై? అందుకే బస్తాల్లో కాకుండా కిలోల్లో చెప్పండి.

పొలం ఎవరి పేరున ఉందో వాళ్ల ఫోన్ నంబరు ఇచ్చి ఊరుకోవద్దు. పట్టాదారు హైదరాబాదులో ఉండి, మడి కౌలుకు చేస్తున్నది వేరేవాళ్లైతే, యూరియా చల్లిన చేతికే అసలు లెక్క తెలుసు. కౌలుదారుతోనే మాట్లాడించండి. పరిశోధన లెక్కతో కౌలు కాగితాలకు సంబంధం లేదు.

జాలిపడి చల్లిన పిడికెడు యూరియా

ఈ పిల్లల చదువును ముంచేది ఏమిటో తెలుసా? వానా కాదు, వరదా కాదు. ఎక్కువసార్లు మన జాలే.

పరిశోధనలో కొన్ని చిన్న మడులను మామూలుకు భిన్నంగా ఉంచుతారు. ఒకదానికి సిఫారసు మేరకు నత్రజని, ఒకదానికి తక్కువ, ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి అసలు వేయరు. ఏమీ వేయని దాన్ని చెక్ మడి అంటారు. మిగతా వాటి లాభనష్టాలు దాంతో పోల్చి చూస్తేనే తెలుస్తాయి. తూకానికి రాయి ఎట్లాగో ఇదీ అట్లాగే. ఇలాంటి మడుల గుంపును ఒకేచోట మూడు నాలుగు సార్లు, వరస మార్చి మార్చి వేస్తారు. ఒక మూల నేల సత్తువ ఎక్కువున్నా లెక్క తప్పకుండా ఉండేందుకు ఈ ఏర్పాటు.

నాటిన నెలకు చెక్ మడి పసుపు పచ్చగా పాలిపోతుంది. గట్టు మీద పోయే పెద్దమనిషి చూస్తాడు. కడుపు తరుక్కుపోతుంది. రైతు ప్రాణం కదా! పైరు ఆకలితో ఉంటే చూడలేడు. పక్క మడికి చల్లుతూ చల్లుతూ ఇటో పిడికెడు విసురుతాడు. వారంలో మడి పచ్చబడుతుంది. ఆ అమ్మాయి వచ్చి చూసేసరికి తూకం రాయి పోయింది!

ఎమ్మెస్సీలో మొదటి ఏడాది ఎక్కువగా తరగతులకే పోతుంది. పరిశోధనకు దొరికేది ఒక పంటకాలమో, రెండో. ఆ పంట పోతే మళ్లీ వానాకాలం దాకా ఆగాలి. ఆ ఏడాది హాస్టల్ ఖర్చు, ఫీజు, ఉద్యోగ పరీక్షల వయసు.. అన్నీ ఆ పిడికెడు యూరియాలో కరిగిపోతాయి. ఇంట్లో వ్యవసాయం చేసే అమ్మానాన్నలకు ఈ సంగతి చెప్పుకోవడం ఇంకా కష్టం.

గట్టు తెగడం కూడా ఇంతే. యూరియా వేసిన మడి నీళ్లు వేయని మడిలోకి పారితే రెండూ ఒకటైపోతాయి. అందుకే ప్రయోగం మడుల మధ్య గట్లు ఎత్తుగా వేస్తారు, నీటి కాల్వలు విడిగా తీస్తారు. వాటి మీంచి పశువుల్ని తోలకండి. ఎండ్రకాయ బొర్రె కనిపిస్తే పూడ్చి, ఒక ఫోన్ కొట్టండి.

ఇక్కడ మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఏమీ వేయని మడిలో దిగుబడి తగ్గుతుంది. ఆ నష్టం ఎవరిది? విత్తనం వేయక ముందే అడగండి. ఎన్ని గుంటలు వాడుకుంటారు, నష్టపరిహారం ఎంత, ఎరువు కూలీ ఎవరిది, పండిన ధాన్యం ఎవరికి? ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని విద్యార్థి, గైడు ఇద్దరితోనూ సంతకం పెట్టించండి. నోటి మాటల మీద మొదలైన ప్రయోగాలే మధ్యలో చెడతాయి.

పొద్దుగూకాక రెండో పని

సాయంత్రం నాలుగు దాటితే తిరుగు బస్సు బెంగ. ఆడపిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంటుంది. బురద కడుక్కోవడానికి, బట్టలు మార్చుకోవడానికి, మరుగుదొడ్డికి చోటుండదు. ఊళ్లో ఏ ఇల్లాలైనా "లోపలికి రా బిడ్డా" అని పిలిస్తే ఆ పూట గట్టెక్కినట్టే. ఒకసారి అట్లా పిలిచిన ఇంటికి మళ్లీ మళ్లీ పోతారు. పెద్దనాయనా, చిన్నమ్మా అంటూ వరసలు కలుస్తాయి.

త్రిపురారం దగ్గర కంపాసాగర్‌లో వ్యవసాయ పరిశోధనా స్థానం, కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. మన జిల్లాలో ఈ పిల్లలకు అలాంటి చోట్లే పెద్ద దిక్కు. తెచ్చిన మట్టిని ఆ రాత్రే కాగితాల మీద నీడలో ఆరబెట్టాలి. తడి మట్టిని మూటగట్టి ఉంచితే అందులోని నత్రజని రూపం మారిపోతుంది. ఆరిన మట్టిని దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి పరీక్షకు ఇస్తారు. తేమ చూడాలంటే మాత్రం కొంత మట్టిని విడిగా తూచి 105 డిగ్రీల పొయ్యిలో ఒక రోజంతా ఉంచి మళ్లీ తూస్తారు. తగ్గిన బరువే తేమ. ఆకులనైతే 65, 70 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగే దాకా ఆరబెడతారు.

తమాషా ఏమిటంటే, ఆకాశంలో ఉపగ్రహం ఎంత కొత్తదైనా, ఆకులో నత్రజని ఎంతుందో తేల్చే పద్ధతి 1883 నాటిది. డెన్మార్క్‌కు చెందిన కెల్డాల్ అనే శాస్త్రవేత్త ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో దాన్ని కనిపెట్టాడు. ఆకు పొడిని గాఢ ఆమ్లంలో ఉడికించి నత్రజనిని లెక్కకడతారు. నేటికీ ఉపగ్రహం చెప్పింది నిజమా అని నిగ్గుతేల్చేది ఈ పాత పద్ధతే.

రాత్రి భోజనం అయ్యాక కంప్యూటరు ముందు కూర్చోవాలి. నోటుపుస్తకంలోని అంకెలు ఎక్కించాలి. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు వేసి, మడికీ మడికీ మధ్య తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్నది చూడాలి. ఒక కాపీ కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఇంకోటి గూగుల్ డ్రైవులో. ప్రయాణాల్లో సంచి పోయినా లెక్క పోకూడదు. శుక్ర, శని, ఆదివారాలు పొలం. సోమవారం మళ్లీ రాజేంద్రనగర్‌లో ప్రయోగశాల, గైడు ముందు హాజరు. మధ్యలో ఏ సదస్సుకో పిలుపు వస్తే, రైలు పెట్టె పై బెర్తు మీద కూర్చునే బొమ్మలు, పట్టికలు సిద్ధం చేసుకోవాలి.

కోత రోజు లెక్క

కోతకు రెండు రోజుల ముందు ఆ అమ్మాయి మళ్లీ వస్తుంది. కోత యంత్రం దిగితే ఇక లెక్క దొరకదు. కాబట్టి తేదీ మారితే ముందే చెప్పండి. గట్టు పక్క సాళ్లు వదిలేసి, లోపల 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు కొలిచి ఆ ముక్క విడిగా కోయిస్తారు. నూర్చి, తూర్పారబట్టి, తూచి, తేమ చూస్తారు.

ఇది మీరూ చేసుకోవచ్చు. ఎకరం 4,047 చదరపు మీటర్లు. మీరు కోసింది 25 చదరపు మీటర్లు. వచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. ఉదాహరణకు 14 కిలోలు వస్తే ఎకరాకు 2,268 కిలోలు. 75 కిలోల బస్తాల లెక్కన ముప్పై. తేమ ఎక్కువుంటే ఆ మేరకు తగ్గించుకోవాలి. ఒకేచోట కాకుండా రెండు మూడు చోట్ల కోసి సగటు తీస్తే ఇంకా నమ్మకం.

ఫలితం ఎక్కడికి పోతోంది?

రైతులు తరచూ అనే మాట ఒకటుంది. వచ్చారు, అడిగారు, మట్టి పట్టుకుపోయారు, మళ్లీ మొహం చూపలేదు అని. ఈ మాటలో న్యాయం ఉంది. పరిశోధన పూర్తయ్యాక పుస్తకం ఇంగ్లీషులో తయారవుతుంది. విశ్వవిద్యాలయం గ్రంథాలయానికి చేరుతుంది. కృషికోశ్ అనే వెబ్‌సైటులో దేశంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన పుస్తకాలు దొరుకుతాయి. మీ ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే వెతికి చూడమనండి. కానీ మట్టి ఇచ్చిన రైతుకు కావాల్సింది రెండొందల పేజీల పుస్తకం కాదు, తెలుగులో ఒక్క పేజీ.

అడగందే అమ్మైనా పెట్టదు. మట్టి ఇచ్చేటప్పుడే "ఫలితం నాకూ కావాలి" అని చెప్పండి. ఆ అంకెలు చేతికొస్తే ఇట్లా చూసుకోండి. ఉదజని సూచిక, అంటే పీహెచ్, ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య ఉంటే తటస్థ నేల. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ, ముప్పావు శాతం దాటితే ఎక్కువ. లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపుంటే తక్కువ, 560 దాటితే ఎక్కువ. హెక్టారు అంటే దాదాపు రెండున్నర ఎకరాలు. కాబట్టి ఆ అంకెను రెండున్నరతో భాగిస్తే ఎకరా లెక్క వస్తుంది. ఒక్క కాగితం ఉంటే వచ్చే పంటకు ఎరువుల కొట్టు దగ్గర ఏం కొనాలో, ఏం మానాలో మీకే తెలుస్తుంది.

విద్యార్థులకూ ఒక మాట. పట్టా వచ్చాక ఒక ఆదివారం ఆ ఊరికి మళ్లీ పోండి. మడి ఇచ్చిన పదిమందిని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, ఏం తేలిందో అరగంట చెప్పండి. ఆ అరగంటతో మీ వెనక వచ్చే విద్యార్థికి ఆ ఊళ్లో నిజమైన జవాబులు దొరుకుతాయి.

గుర్తుంచుకోవాల్సినవి

* విద్యార్థి వస్తే విశ్వవిద్యాలయం గుర్తింపు కార్డు, గైడు పేరు, ఫోన్ నంబరు అడగండి. నిజమైన విద్యార్థి సంతోషంగా చూపిస్తారు.

* ఆధార్ కాపీ, బ్యాంకు ఖాతా, సెల్లుకు వచ్చే ఓటీపీ.. పంట పరిశోధనకు వీటితో పనిలేదు. ఎవరడిగినా ఇవ్వకండి.

* పురుగుమందు కొట్టి ఎన్ని రోజులైందో మడిలో దిగక ముందే చెప్పండి. ఆ పిల్లలు ఆకులు చేత్తో పట్టుకుంటారు.

* మట్టి నమూనా గట్ల పక్క, చెట్ల కింద, పెంట కుప్పలు పోసిన చోట, కాల్వ దగ్గర తీయనివ్వకండి. మడిలో పది పదిహేను చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలో మిగల్చాలి.

* ఎరువులు, మందులు వేసిన తేదీలు క్యాలెండరు మీదే రాసి పెట్టుకోండి. అది విద్యార్థికి కన్నా మీకే ఎక్కువ పనికొస్తుంది.

* చెప్పడం ఇష్టం లేని సంగతి ఉంటే చెప్పనని అనండి. తప్పు అంకె మాత్రం చెప్పకండి.

* నేల, పంట సందేహాలకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసినా తెలుగులో జవాబు చెబుతారు.